మేడారపు త్రోవలో రామప్పగుడి: ఫోటోకు పదును లెన్సా, మెత్తని లెన్సా?

మాఘశుద్ధ పౌర్ణమి సమీపించుసరికి, రెండేండ్ల కొకపర్యాయము, వరంగల్లునుండి ములుగుమీదుగా మేడారమునకు బోవు బాట యంతయు బండ్లతోను జనముతోను నిండిపోవును. సమ్మక్క సారలమ్మలకు మ్రొక్కుబడి చెల్లింపబోవు కుటుంబములలో పెక్కురు త్రోవలో పాలంపేటవైపు మరలి, రామప్పగుడిని దర్శించి మరి ముందునకు సాగుదురు. ఇప్పుడు ప్రతి యింటను ఒక కెమేరాయో, అది లేనిచో ఫోటోలు తీయగల సెల్‌ఫోనో ఉండనే యున్నది. మగవారు బండి నిలుపుటకు చోటు వెదకుచుండగా పిల్లలను, పెద్దలను, గుడిని చేర్చి ఫోటో తీయు భారము సాధారణముగా ఇల్లాలిమీదనే పడుచున్నది. కావున పాఠకసోదరీమణులు కొందరు అడుగుచుండు ప్రశ్నకు ఈ నెల బదులు చెప్పదలచితిమి. పాతగుళ్లను తీయుటకు ప్రతి గీతను కొట్టవచ్చినట్లు చూపు పదును లెన్సు మేలా? లేక మంచుతెర కప్పినట్లు మృదువుగా చూపు సాఫ్టు ఫోకసు లెన్సు మేలా?

ఇది వేడుకకు సంబంధించిన చిన్న ప్రశ్నవలె తోచును. కాని రామప్పగుడి యెనిమిదివందల యేండ్లు దాటిన కట్టడము. ఎండకు, వానకు, చెట్టువేరునకు, మనుష్యుల చేతితాకిడికిని లోబడి నిలిచియున్నది. నేడు మనకు స్పష్టముగా కనబడు కంఠహారపు పూసలు మన మనుమరాండ్ర కన్నులకు అట్లే కనబడునని యెవరును పూటపడజాలరు. ఆనాడు వారి చేతిలో నుండునది మనము తీసిన చిత్రమే కావచ్చును. లెన్సును ఎన్నుకొనునపుడు ఈ సంగతి మరువరాదని మా తలంపు.

ముందుగా ఈ రెండింటి భేదము తెలియవలెను. లెన్సు అనగా వెలుగును ఒకచోటికి చేర్చు గాజుబిళ్ల. ఒంటి గాజుబిళ్లలో నడిమి భాగమునుండి పోయిన కిరణములు ఒకచోటను, అంచులనుండి పోయిన కిరణములు దానికి కొంచెము ముందుగను కలిసికొనును. దీనినే శాస్త్రజ్ఞులు గోళీయదోష మందురు. ఈ దోషమును, దీనితోడి ఇతర దోషములను పోగొట్టుటకు పండ్రెండుమాసములు కాదు, కొన్ని తరములు శ్రమించిరి. 1866లో జర్మనీలో స్టైన్‌హైలు, ఇంగ్లండులో డాల్మెయరు ఇంచుమించు ఒకేవిధమైన జంటలెన్సులను వెలువరించిరి. అంతవరకు చిత్రపు అంచులయందు విల్లువలె వంగుచుండిన గోడలు, స్తంభములు వీనితో నిటారుగా వచ్చెను. కట్టడములను తీయువారికి అది గొప్ప వరము. పిమ్మట 1902లో జైస్ కర్మాగారమునకు చెందిన పాల్ రూడాల్ఫు నాలుగు గాజుబిళ్లలతో టెస్సారు అను లెన్సును కల్పించెను. పదునునకు అది పేరుమోసినది.

మెత్తని లెన్సు చేయువారు ఇందుకు విరుద్ధముగా ఆ గోళీయదోషమును బుద్ధిపూర్వకముగా కొంత మిగిల్చెదరు. ఫలిత మేమనగా, ప్రతి గీతకును నడుమ ఒక స్పష్టమైన రేఖయు, దాని చుట్టును పలుచని వెలుగుపొరయు ఏర్పడును. మనము ప్రొద్దున కళ్లాపి చల్లిన వాకిట ముగ్గు పెట్టుదుముగదా! నేల యింకను తడిగానుండగా పెట్టిన ముగ్గు చూడుడు. నడుమ తెల్లని గీత గీతగానే యుండును, అంచులు మాత్రము తడిలో కొంచెము వ్యాపించి పొగవలె కనబడును. సాఫ్టు ఫోకసు అట్టిది. నేల యారినపిదప సన్నని పిండితో లాగిన గీత పదును లెన్సు వంటిది. ఇక పిల్లలు త్రొక్కి చెరిపిన ముగ్గు సంగతి వేరు. ఫోకసు తప్పి మసకబారిన ఫోటో అట్టిది. కొందరు చేయి వణకి చెడిన చిత్రమును చూపి "ఇది సాఫ్టు ఫోకసు" అని సమర్థించుకొందురు. దానిలో గీత యేదియు మిగులదు గావున అది సాఫ్టు ఫోకసు కాదు.

మరియొక కిటుకు కలదు. కెమేరాలో వెలుతురు చొచ్చు ద్వారమును అపర్చరు అందురు. దానిని చిన్నది చేసినకొలది లెన్సు అంచుల కిరణములు ఆగిపోవును. దోషము అంచులలోనే యున్నది గనుక మెత్తని లెన్సుకూడ అపుడు పదునెక్కును. పూర్తిగా తెరచినపుడు వెన్నెలవలె కరగిన చిత్రమే, ఎఫ్ 8, ఎఫ్ 11 వరకు మూసినచో, ఇంచుమించు మామూలు చిత్రమై కూర్చుండును. 1987లో కానన్ వారు 135 మిల్లీమీటర్ల లెన్సు నొకదానిని తెచ్చిరి. దానికి సున్న, ఒకటి, రెండు అను గుర్తులుగల వలయము నమర్చి, కోరినంత మెత్తదనమును త్రిప్పి తెచ్చుకొనునట్లు చేసిరి. ఆ వలయమును రెండువద్ద నుంచి అపర్చరును చిన్నది చేసి, "మెత్తదనము రాలేదేమి" అని ఆశ్చర్యపడినవారు లేకపోలేదు.

మెత్తని చిత్రములయెడ స్త్రీల కొక చుట్టరికముకూడ కలదని చెప్పవలెను. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అను నామె ఇంగ్లండునందు కాపురముండగా, నలువదియెనిమిదవ యేట, 1863లో, కుమార్తెయు అల్లుడును ఆమెకు ఒక కెమేరాను కానుకగా నిచ్చిరి. అంతవరకు ఆమె పిల్లల తల్లి, ఇంటి యజమానురాలు. ఆ వయసులో పని నేర్చుకొని, కోళ్లగూడును అద్దాలగదిగా మార్చుకొని, ఆనాటి గొప్ప కవులను, శాస్త్రజ్ఞులను, తన యింటి పనికత్తెలనుకూడ మెత్తని ఛాయలతో చిత్రించెను. పద్ధతులు తెలిసిన మగవారు ఆమెకు ఫోకసు చేయుటయే రాదని వెక్కిరించిరి. నేడు వెక్కిరించినవారి పేరు ఎవరికిని తెలియదు. అయితే ఒక్క మాట. ఆమె తీసినవి ముఖములు. మనుష్యుని ముఖమున గీతలు కొంత కరగినను భావము మిగులును. రాతిగోడయందు గీతయే భావము. ఈ భేదమును గుర్తింపక, పెండ్లికూతురి ఫోటోకు నప్పిన లెన్సు గుడికిని నప్పునని యెంచుట సరికాదు.

మన హైదరాబాదు చరిత్రలోనే ఇందుకు తగిన దృష్టాంతము దొరకును. 1844లో జన్మించిన లాలా దీనదయాళు ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజబిరుదు పొందెను. సికింద్రాబాదున ఆయన స్టూడియో యుండెడిది. 1892లో ఆయన హైదరాబాదున ఘోషాస్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియోను తెరచి, దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనితకు అప్పగించెను. చుట్టును ఎత్తైన గోడలు. లోపల పరపురుషుడు లేడు. అందువలన ఆ కాలపు గొప్పయింటి స్త్రీలు నిర్భయముగా ఫోటో తీయించుకొనగలిగిరి. ఆ దీనదయాళే కోటలను, గుళ్లను, సమాధులను తీయునపుడు గాజుపలకలమీద చెక్కడపు ప్రతి యంచును నిలుపునట్లు తీసెను. మధ్యహిందూస్థానమందలి కట్టడముల చిత్రములు ఆయనకు మొట్టమొదట కీర్తి తెచ్చినవి. ఒకే కళాకారుడు, ఎదుట నున్న వస్తువునుబట్టి పద్ధతిని నిర్ణయించుకొనుట గమనింపదగినది.

అంతకంటె ముందు, 1858లో, మదరాసు ప్రభుత్వమువారి ఛాయాచిత్రకారుడు లిన్నియస్ ట్రైప్ తంజావూరు పెద్దగుడి అధిష్ఠానముచుట్టును చెక్కిన శాసనమును 21 కాగితపు నెగటివులమీద తునుకలు తునుకలుగా తీసి, వాని ముద్రలను ప్రక్కప్రక్కన నతికించి, 19 అడుగుల పొడుగు చిత్రముగా కూర్చెను. కాగితము గాజువలె నునుపుగా నుండదు. దాని నారలే చిత్రమును కొంత మెత్తబరచును. అయినను అక్షరము అక్షరముగా నిలుపవలెనని ఆయన పడిన పాటు తలచుకొన్నచో, చేతిలో ఇంత మంచి లెన్సు పెట్టుకొని అక్షరములను బుద్ధిపూర్వకముగా పొగలో కలుపుట ఏలయని మాకు తోచుచుండును.

ఇక రామప్పవద్దకు పోవుదము. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించినట్లు అచటి శాసనము చెప్పుచున్నది. లోపలి దేవుడు రామలింగేశ్వరుడు. 2021 జూలై 25వ తేదీన యునెస్కోవారు దీనిని ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చిరి. ఎత్తైన అరుగుమీద తూర్పుముఖముగా నిలిచియున్న ఈ గుడి గోడలు లేత యెరుపు కలిసిన ఇసుకరాయి. గర్భగుడిపై విమానము నీటిపై తేలునంత తేలికయైన ఇటుక. పునాదిలో ఇసుక నింపిరి. మండపస్తంభములును, చూరుక్రింద ఏటవాలుగా నిలిచి కప్పును మోయుచున్నట్లు కనబడు మదనికలును నిగనిగలాడు నల్లరాయి. మా యుద్దేశమున ఫోటో తీయువారు ముందుగా చూడవలసినది ఈ రెండు రాళ్ల భేదమే. లెన్సు ప్రశ్న చాలవరకు ఇచటనే తీరిపోవును.

మదనికలను చూచుటకు మనము క్రిందనుండి పైకి తల యెత్తవలెను. అపుడు నల్లని బొమ్మ వెనుక తెల్లని ఆకాశము పడును. మెత్తని లెన్సు వెలుగును చీకటిలోనికి ప్రాకించును. అనగా ఆకాశపు తెలుపు బొమ్మ నడుముపైకిని, చేతివ్రేళ్లపైకిని, మెడలోని పేరులపైకిని ఒలికి, సన్నని భాగములను తినివేయును. ఆ బొమ్మల అందమంతయు ఆ సన్నదనమందే యున్నది. ఒక యామె పాదములకు మడమ యెత్తైన చెప్పులవంటివి కనబడును. వచ్చినవారందరు వ్రేలు పెట్టి చూపి నవ్వుకొందురు. మెత్తని లెన్సుతో తీసినచో ఆ మడమకును పాదమునకును నడుమనున్న సందు పూడిపోవును. మరి ఇంటికి పోయి ఎవరికి ఏమి చూపగలము? ఇట్టిచోట పదును లెన్సు, ఎఫ్ 8 ప్రాంతపు అపర్చరు, కదలని చేయి కావలెను. బొమ్మ మరీ నల్లగా వచ్చుచున్నచో వెలుతురును కొంచెము హెచ్చించి, ఆకాశము పాలిపోయిన పాలిపోవునుగాక యని ఊరకుండవలెను.

నల్లరాయి నునుపుగా నుండుటచే అద్దమువలె తళుకులీనును. మెత్తని లెన్సులో ఆ తళుకులు ఒక్కొక్కటి దీపముచుట్టు పరివేషమువలె విప్పారి, చెక్కడమును కప్పివేయును. పోలరైజరు అను బిళ్లను లెన్సుముందు బిగించి మెల్లగా త్రిప్పినచో కొంత తళుకు తగ్గును. అది లేనివారు ఒక యడుగు ప్రక్కకు జరిగి చూచినను చాలును.

గోడలమీది సన్నని పనికి లెన్సుకంటె ఎండ ముఖ్యము. నట్టనడి మధ్యాహ్నమున ఎంత పదునైన లెన్సైనను అరుగుచుట్టు బారులుతీరిన యేనుగులను బల్లపరుపుగానే చూపును. ఎండ ఏటవాలుగా పడునపుడే ప్రతి తొండము క్రిందను నీడ పుట్టి బొమ్మ లేచి నిలుచును. మేడారపు జాతర దినములలో సూర్యుడు దక్షిణముగా తిరుగును గావున గుడికి ఉత్తరపు గోడమీద దినమంతయు తిన్నని యెండ పడదు. తూర్పువాకిలికి ఉదయము, వెనుకనున్న విమానమునకు సాయంకాలము, దక్షిణపు గోడకు ఉదయసాయంకాలములు రెండును తగిన వేళలు. తెల్లవారకముందే వరంగల్లు విడిచినవారు ఈ లాభము పొందగలరు. తీరుబడిగా కాఫీ ఫలహారములు ముగించి వచ్చినవారికి మధ్యాహ్నపు టెండయే ప్రాప్తము.

కెమేరాను పైకెత్తి తీసినపుడు స్తంభములు వెనుకకు వాలినట్లు వచ్చును. ఇది ఏ లెన్సుకైనను తప్పదు. కెమేరా వెన్నును నిటారుగా నుంచి, వెనుకకు నడచి దూరమునుండి తీయుటయే సులభమార్గము. ఆవరణ విశాలమైనది గావున ఇచట అందుకు వీలున్నది. మూడుకాళ్ల పీటను వాడదలచినవారు ముందుగా అచటి పురావస్తుశాఖవారి నడిగి తెలిసికొనవలెను. ఇది పూజ జరుగుచున్న గుడి. గర్భాలయమువైపు కెమేరా త్రిప్పకుండుట మర్యాద.

పదును లెన్సుపట్ల మాకింత పక్షపాత మేలయని అడుగువారుందురు. కారణము చెప్పెదము. గణపతిదేవుని గజసేనాని జాయపుడు పదమూడవ శతాబ్దమున నృత్తరత్నావళి యను సంస్కృతగ్రంథమును వ్రాసెను. అందు పేరిణి యను వీరనృత్యము వర్ణింపబడినది. ఆ నృత్యము కాలక్రమమున ఆడువారు లేక అణగిపోయెను. నటరాజ రామకృష్ణ (1923–2011) ఆ గ్రంథమును ఒకచేతను, రామప్పగుడి శిల్పములను ఒకచేతను పట్టుకొని, కాలు ఎచట మడచిరి, మోచేయి ఎంత యెత్తిరి, నడుము ఎటు త్రిప్పిరి యని పరిశీలించి, పేరిణిని మరల రంగస్థలమున నిలిపెను. నేడు మన ఆడుబిడ్డలును దానిని నేర్చి ఆడుచున్నారు. ఆ రాళ్లమీది వ్రేళ్లు అరిగిపోయియుండిన ఏ గురువు ఏమి చేయగలిగెడివాడు? హైదరాబాదు రాజ్యమునందు 1914లో పురావస్తుశాఖ యేర్పడినపుడు దానికి మొదటి అధికారియైన గులాం యజ్దానీ 1922లో పాలంపేట గుళ్లనుగూర్చి ఒక పుస్తకము ప్రకటించి, అందు చిత్రపలకలను చేర్చెను. నూరేండ్లు గడచిన పిమ్మటగూడ, ఆనాడు ఏ రాయి ఏ స్థితిలో నుండెనో చూడవలెనన్నచో ఆ పలకలే శరణ్యము. అవి పొగమంచువలె నుండినచో ఏమి ప్రయోజనము?

హనుమకొండ వేయిస్తంభాలగుడి సంగతియు ఇట్టిదే. 1163లో కట్టిన ఆ గుడి యెదుటి కల్యాణమండపము క్రుంగిపోవుటచే, దానిని రాయి రాయిగా విప్పి, గుర్తులు వేసి, పునాదినుండి మరల కట్టవలసివచ్చినది. ఆ పని ఏండ్లతరబడి సాగి 2024 మహాశివరాత్రినాటికి ముగిసినది. రామప్పగుడికి ప్రక్కనేయున్న కామేశ్వరాలయమునుగూడ పునర్నిర్మాణముకొరకు విప్పిరి. విప్పిన రాతిని మరల దాని చోటనే యుంచుటకు గుర్తులతోపాటు స్పష్టమైన చిత్రములును కావలెను. ఏ యాత్రికురాలు ఏనాడు వేడుకకు తీసిన చిత్రము ఏ మూలరాతికి సాక్ష్యమగునో ముందుగా నెవరెరుగుదురు?

గుళ్ల మాట యటుండనిండు. మన ఇండ్ల సంగతి చూడుడు. మాకు తెలిసిన యొక కుటుంబమువారు తాతలనాటి మండువాలోగిలిని పంచుకొనజాలక పడగొట్టించిరి. పడగొట్టుటకు ముందు ఫోటో తీయించిరి. తీసినతడు పెండ్లిండ్లకు తీయు అలవాటుకొలది, లెన్సుముందు మెత్తని బిళ్ల నొకటి తగిలించి, సాయంకాలపు టెండలో తీసెను. చిత్రము చూచిన ప్రతివారును "ఆహా, కలవలె నున్నది" అనిరి. ఆరేండ్ల తరువాత ఆ యింటి పెద్దకూతురు తాను క్రొత్తగా కట్టుకొన్న యింటికి అమ్మమ్మగారి సింహద్వారమువంటి ద్వారబంధమును చేయింపగోరెను. వడ్రంగి ఆ చిత్రమును వెలుగులో పెట్టి, దూరముగా పెట్టి, దగ్గరగా పెట్టి చూచెను. గజలక్ష్మి కిరువైపుల నున్నవి తామరలో, మామిడిపిందెలో ఆతనికి తెలియలేదు. "అమ్మా, తమరికి గుర్తున్నచో చెప్పుడు, చెక్కెదను" అనెను. ఆమె చిన్ననాడు ఆ గడపమీద కూర్చుండి యెన్నియోసార్లు జడ వేయించుకొనినది గాని, తల యెత్తి పూవులు లెక్కించినది కాదు. చూచి గుర్తుంచుకొన్న తల్లి అప్పటికి లేదు. చివరకు వడ్రంగి తనకు తోచిన పూవులే చెక్కెను. అవి బాగుగనే యున్నవి. కాని ఆమె ఆ ద్వారము దాటునపుడెల్ల ఒకసారి పైకి చూచును.

ఇంత చెప్పినందున మెత్తని లెన్సు పనికిరానిదని మా యభిప్రాయము కాదు. అది రాతిని చూపునది కాదు, రాతిచుట్టు నున్న గాలిని చూపునది. 1909లో లండనునుగూర్చియు, 1910లో న్యూయార్కునుగూర్చియు చిత్రగ్రంథములు ప్రకటించిన ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ మెత్తని లెన్సులను ఇష్టపడి వాడెను. ఆయనకు కావలసినది కట్టడముపై చెక్కడము కాదు, నగరముమీది పొగయు మంచును. ఆ కాలముననే ఇంగ్లండులో ఫ్రెడెరిక్ ఎవాన్స్ అను పూర్వపు పుస్తకవిక్రేత పాతచర్చీలలో ఓపికతో ఎండకు కాచుకొని, ఏ మెరుగులును దిద్దకుండ స్పష్టముగా చిత్రములు తీసెను. వెల్స్ చర్చిలో శతాబ్దముల పాదఘట్టనచే అలలవలె అరిగిన మెట్లను 1903లో ఆయన తీసిన చిత్రము చూచినవారు, పదునైన చిత్రములో కవిత్వ ముండదని మరల ననరు. మెట్టు మెట్టునకు గల అరుగుదలయే అందలి కవిత్వము. మెత్తని లెన్సు దానినే కదా ముందుగా మ్రింగివేయునది!

రామప్పనుండి మేడారము చేరినపిదప మాత్రము మా తీర్పు మారును. ఇచట చూపదగిన పాతకట్టడ మేదియు లేదు. కాకతి ప్రతాపరుద్రుని సైన్యము కప్పము కొరకు కోయదొరలపై బడగా సమ్మక్క, ఆమె బిడ్డలు ఎదిరించి పోరాడిరని ఇచటి కథ. గుళ్లు కట్టిన రాజుల శిల్పులు అచట ఎనిమిదివందల యేండ్ల రాతిని నిలిపిరి. ఆ రాజులతో పోరాడిన తల్లికి ఇచట విగ్రహము లేదు, గోపురము లేదు. గద్దెయే గుడి. కన్నెపల్లినుండి సారలమ్మ వచ్చును, చిలుకలగుట్టనుండి కుంకుమభరిణె రూపమున సమ్మక్క వచ్చును, నాలుగవనాడు తిరిగి వనమునకు పోవుదురు. 2026 జాతరకు ముందు గద్దెల ప్రాంగణము రాతిపనితో క్రొత్తరూపు దాల్చినది. అంతకుముందు తీసిన చిత్రములున్నవారు వానిని భద్రపరచుకొనుట మంచిది.

మేడారమున కన్నులకు తోచునది రాయి కాదు. జంపన్నవాగుమీద తెల్లవారుజామున లేచు మంచు, వేలకొలది పొయ్యిల పొగ, కాళ్లక్రిందినుండి లేచిన యెర్రదుమ్ము, దానిలో కలిసిన పసుపు. నెత్తిన బంగారము, అనగా బెల్లపు ముద్ద, మోసికొని వచ్చు స్త్రీల వరుస. ఎండ ఈ దుమ్ములోనుండి వచ్చునపుడు గాలియే కంటికి కనబడును. ఈ దృశ్యమును పదును లెన్సుతో తీసినచో పదివేల తలలును, పదివేల నీళ్లసీసాలును లెక్కకు వచ్చునేగాని జాతర రాదు. మెత్తని లెన్సును పూర్తిగా తెరచి, సూర్యుని ఎదురుగా నుంచుకొని, ముందు వరుసలోని ఒక తల్లినో బిడ్డనో ఫోకసునకు తీసికొన్నచో దుమ్ము వెలుగుగా మారును. వాగులో స్నానమాడుచున్న స్త్రీలవైపు ఏ లెన్సును త్రిప్పరాదని మా పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. చెప్పవలసినవారికి చెప్పుడు.

ప్రత్యేకముగా లెన్సు కొనజాలనివారు చింతింపనక్కరలేదు. పదును లెన్సుముందు సన్నని వలగుడ్డను, నల్లనిదైన మరియు మంచిది, బిగుతుగా పట్టి తీసినచో మెత్తదనము వచ్చును. వలనుబట్టి ఎక్కువ తక్కువలు చూచుకొనవలెను. చిత్రము తీసిన తరువాత అచ్చువేయునపుడు మెత్తబరచువారు కలరు గాని అందొక చిక్కు కలదు. కెమేరావద్ద మెత్తబరచినచో వెలుగు చీకటిలోనికి వ్యాపించును. నెగటివునుండి కాగితముమీదికి అచ్చువేయునపుడు మెత్తబరచినచో చీకటి వెలుగులోనికి వ్యాపించి చిత్రము మసిబారినట్లుండును. ఇప్పుడు కంప్యూటరుమీద ఏదైనను చేయవచ్చును. మొత్తముమీద పదునైన చిత్రమును తరువాత మెత్తబరచుకొనవచ్చును గాని, మెత్తగా తీసినదానిలో లేని గీతను ఎవరును తిరిగి తేజాలరు. ఏవో యంత్రములు తెచ్చినట్లు చూపును. అవి తమకు తోచిన పూవులు చెక్కు వడ్రంగి వంటివే. అందుచే ఏ పాతకట్టడమునకైనను మొదట పదునుగా ఒకటి తీసి, పిమ్మట మనసు గోరినచో మెత్తగా మరియొకటి తీయుడు.

సెల్‌ఫోనుతో తీయువారికి రెండుమాటలు. ఫోనులో మనుష్యుల ఫోటోలకై యుంచిన పోర్ట్రెయిట్ పద్ధతి వెనుకనున్నదానిని మసక చేయునది. రామప్పమండపములో పిల్లను నిలిపి ఆ పద్ధతిని వాడినచో పిల్ల మిగులును, స్తంభము పోవును. ఇక రెండవది. తలకు నూనె రాచిన చేతితో ఫోనును పట్టుకొందుము. ఆ వ్రేలిముద్ర లెన్సుమీద పడినచో మనము కోరకయే సాఫ్టు ఫోకసు సిద్ధించును. చాలమంది "నా ఫోను పాడైనది, మసకగా వచ్చుచున్నది" అనుకొనుటకు కారణ మిదియే. మెత్తబడిన పాత నూలుచీర తునుక నొకదానిని సంచిలో నుంచుకొని, గుడి మెట్లెక్కుటకు ముందు ఒకసారి తుడిచికొనవలెను. పట్టుచీర కొంగుతో తుడువవలదు. జరీ గీతలు పడును.

ఇంటికి చేరినపిదప మంచి చిత్రములను నాలుగైదింటినైనను కాగితముపై అచ్చు వేయించి, వెనుక ఊరు, తేది, ఏ గోడయో, ఏ దిక్కునుండి తీసితిరో, పిల్ల ప్రక్కన నున్నదైన పిల్ల పేరును వ్రాసియుంచుడు. మెత్తని పెన్సిలుతో, చేయి నొక్కకుండ వ్రాయవలెను. సిరాతో వ్రాసినచో కొంతకాలమునకు ముందువైపునకు ఊరును.